బాణం గుర్తుకు ఎడమ పక్కన

ఉద్యోగుల జాబితా ఒకటి ఉంది. దాన్ని పేర్ల వరుసలో సర్దాలి. జావాలో ఇది ఒక్క లైను పని. సార్ట్ మెథడ్‌కి ఒక కంపారేటర్ ఇవ్వాలి, ఆ కంపారేటర్‌ని తయారుచేసే కంపేరింగ్ మెథడ్‌కి ఒక చిన్న లాంబ్డా ఇవ్వాలి. బాణం గుర్తుకు ఎడమ పక్కన 'ఇ' అని ఒక్క అక్షరం, కుడి పక్కన ఆ 'ఇ' నుంచి పేరు తీసే గెట్‌నేమ్. 'ఇ' ఏ టైపుదో మనం రాయం, కంపైలర్ అడగదు. కొన్నాళ్ళకి వరుస తిరగెయ్యమని ఎవరో అడుగుతారు. లాంబ్డాని ముట్టుకోకుండా, కంపేరింగ్ బ్రాకెట్ మూసిన చోట ఒక చుక్క పెట్టి రివర్స్‌డ్ అని చేరుస్తాం. వెంటనే ఎర్ర గీత పడుతుంది, అదీ మనం ముట్టుకోని లాంబ్డా కింద. 'ఇ' ఆబ్జెక్ట్ టైపుదట. ఆబ్జెక్ట్‌కి గెట్‌నేమ్ అనే మెథడ్ లేదట.

జాబితాలో ఉన్నది ఉద్యోగులేనని అదే లైను మొదట్లో కనబడుతూనే ఉంటుంది. కంపైలర్‌కి అది ఎందుకు కనబడలేదని చిరాకు పడడం సహజం. ఇంకాస్త చిరాకు కలిగించే సంగతి, మార్పు ఒకచోట చేస్తే తప్పు మరోచోట చూపించడం. నాకు మాత్రం ఈ ఎర్రర్ అంటే ఇష్టం. మనం రాయకుండా వదిలేసిన టైపుని కంపైలర్ ఎక్కడినుంచి తెచ్చుకుంటుందో, ఆ దారి ఎక్కడ తెగిపోతుందో ఇంత చిన్న కోడ్‌లో చూపించే ఉదాహరణ మరొకటి నాకు దొరకలేదు.

జావాలో లాంబ్డాకి సొంత టైపు లేదు. అది ఏ చోట కూర్చుంటే ఆ చోటు దానికి టైపు ఇస్తుంది. భోజనాల దగ్గర 'అది కాస్త ఇటు ఇవ్వు' అంటే పచ్చడి గిన్నె చేతికొస్తుంది, ఎదురుగా ఉన్నవాళ్ళకి మన చూపు ఎటు ఉందో తెలుసు కాబట్టి. అదే మాట ఫోన్‌లో అంటే 'ఏది?' అని తిరిగి అడుగుతారు. రివర్స్‌డ్ లేనప్పుడు సార్ట్ తనకేం కావాలో చెబుతుంది: ఉద్యోగులని పోల్చే కంపారేటర్. ఆ కోరిక కంపేరింగ్ మీదుగా లాంబ్డా దాకా దిగివచ్చి 'ఇ' అంటే ఉద్యోగి అని తేలుతుంది. రివర్స్‌డ్ చేరిందా, ఆ కోరిక రివర్స్‌డ్ దగ్గరే ఆగిపోతుంది. చుక్కకి ముందున్నది ఏ టైపుదో తేలితే తప్ప చుక్క తరువాత మెథడ్‌ని కంపైలర్ వెతకలేదు. అది తేల్చాల్సిన లాంబ్డా ఏమో తన టైపు బయటినుంచి వస్తుందని ఎదురుచూస్తోంది. ఎవరూ ఏమీ చెప్పకపోవడంతో జావాలో అన్నిటికంటే పై టైపు అయిన ఆబ్జెక్ట్‌తో సరిపెట్టుకుంటుంది.

దిద్దుబాట్లు మూడు ఉన్నాయి. లాంబ్డా తీసేసి క్లాసు పేరు, రెండు కోలన్లు, గెట్‌నేమ్ అని మెథడ్ రెఫరెన్స్ రాయవచ్చు. కంపేరింగ్ ముందు కోణం బ్రాకెట్లలో రెండు టైపులూ చెప్పవచ్చు. లేదంటే బాణానికి ఎడమ పక్కన, 'ఇ' ముందు, ఎంప్లాయీ అని ఒక్క మాట రాయవచ్చు. నాకు మూడోదే నచ్చుతుంది. కంపైలర్‌కి తెలియనిది 'ఇ' ఎవరన్న ఒక్క విషయమే, సమాధానం ఆ ప్రశ్న పుట్టిన చోటే ఉంటే తరువాత చదివేవాళ్ళకి కూడా వెతుకులాట ఉండదు.

ఎడమ పక్కన టైపు రాయడం, రాయకపోవడం అనే ఈ రెండు దారులూ ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు రాకముందే ఉన్నాయి. అలోంజో చర్చ్ 1930లలో ప్రిన్స్‌టన్‌లో లాంబ్డా కాలిక్యులస్‌ని రూపొందించాడు. తర్కశాస్త్రానికంతటికీ పునాదిగా నిలబెట్టాలన్నది ఆయన ఆశ. 1935లో ఆయన శిష్యులు క్లీనీ, రాసర్ ఆ మొదటి వ్యవస్థలో వైరుధ్యం ఉందని నిరూపించారు. 1940లో చర్చ్ టైపులతో కూడిన లాంబ్డా కాలిక్యులస్‌ని ప్రచురించాడు. అందులో ప్రతి చలరాశికీ దాని టైపు అంటిపెట్టుకునే ఉంటుంది, టైపు లేని చలరాశి అసలు పుట్టదు. హాస్కెల్ కర్రీ 1934లోనే మరో దారి పట్టాడు. ముందు పదం ఉంటుంది, దానికి టైపు ఉందా లేదా అన్నది తరువాత విచారించే సంగతి. జావాలో బాణానికి ఎడమ పక్కన ఎంప్లాయీ అని రాసినప్పుడు మనం చర్చ్ దారిలో ఉన్నాం. ఒట్టి 'ఇ' రాసి వదిలేసినప్పుడు కర్రీ దారిలో ఉన్నాం. ఒకే ఫైలులో, పక్కపక్క లైన్లలో ఈ ఇద్దరి ఆలోచనలూ నడుస్తుంటాయని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

కర్రీ దారిలో ఎంత దూరం పోవచ్చో చూపించినవాడు రాబిన్ మిల్నర్. ఎడిన్‌బరోలో సిద్ధాంతాల నిరూపణకి సాయపడే ఎల్‌సీఎఫ్ వ్యవస్థ కోసం ఎంఎల్ భాషని తయారుచేస్తూ, ప్రోగ్రామర్ ఒక్క టైపూ రాయకపోయినా అన్నీ రాబట్టే పద్ధతిని ఆయన 1978లో ప్రచురించాడు. రోజర్ హిండ్లీ 1969లోనే ఈ ఫలితానికి దగ్గరి రూపాన్ని కనుక్కున్నాడు. 1982లో లూయిస్ డామస్, మిల్నర్ కలిసి దానికి పూర్తి నిరూపణ ఇచ్చారు. దీనికి కింద పనిచేసే యంత్రాంగం జాన్ అలన్ రాబిన్సన్ 1965లో ఇచ్చిన యూనిఫికేషన్: తెలియని ప్రతి టైపుకీ ఒక గుర్తు పెట్టుకో, వాడకంలోంచి సమీకరణాలు పోగెయ్యి, వాటిని కలుపుతూ పో. కలవకపోతే ఎర్రర్. కలిస్తే వచ్చేది ఏదో ఒక టైపు కాదు, సాధ్యమైనవాటిలోకెల్లా విస్తృతమైనది. ఈ ఫలితం అందం మీద నాకున్న గౌరవం ఏళ్ళు గడిచినా తగ్గలేదు.

అయితే ఆ అందానికి ఒక షరతు ఉంది, అది సరిగ్గా లాంబ్డా దగ్గరే పడింది. ఎంఎల్‌లో 'లెట్'తో పేరు పెట్టిన ఫంక్షన్‌ని ఒకచోట అంకె మీద, మరోచోట ట్రూ మీద వాడవచ్చు. అదే ఫంక్షన్ ఒక లాంబ్డాకి పారామీటర్‌గా వస్తే, ఆ లాంబ్డా లోపల దానికి ఒకే ఒక్క టైపు. రెండు చోట్ల రెండు రకాలుగా వాడితే ఒప్పుకోదు. ఈ షరతు ఎత్తేసి, పారామీటర్లు కూడా ఎన్ని టైపులుగానైనా ఉండవచ్చంటే ఏమవుతుంది? జిరార్డ్ 1972లో, రేనాల్డ్స్ 1974లో విడివిడిగా కనుక్కున్న సిస్టం ఎఫ్ అదే. దానికి టైపులు రాబట్టే పద్ధతి ఏదీ ఉండదని, ఉండే వీలే లేదని జో వెల్స్ 1994లో నిరూపించాడు. ఎర్రర్ చూసి చిరాకు పడిన ప్రతిసారీ ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా కోరిక. ఒక హద్దు దాటాక మనిషి టైపు రాసి తీరాల్సిందే, ఏ కంపైలర్ బృందం ఎంత కష్టపడినా ఆ హద్దు చెరిగిపోదు. మిగిలేది ఎక్కడ రాయాలన్న ప్రశ్న. దానికి బెంజమిన్ పియర్స్, డేవిడ్ టర్నర్ 1998లో ఒక ఆచరణాత్మకమైన సమాధానం ఇచ్చారు. టైపు సమాచారం రెండు దిక్కుల్లో పారాలి: లోపలి పదాల నుంచి పైకి, చుట్టూ ఉన్న చోటు నుంచి కిందికి. ఈనాటి భాషల్లో చాలావాటి పద్ధతి ఏదో ఒక రూపంలో ఇదే. జావా సార్ట్ నుంచి లాంబ్డా దాకా కోరిక దిగివచ్చిందని పైన చెప్పానే, అది ఈ రెండో దిక్కు.

ఇక మరమ్మతు సంగతి. రాబట్టిన టైపుల్లో తప్పు దొరికితే, దొరికిన చోటు ఒకటి, పుట్టిన చోటు మరొకటి. మిచెల్ వాండ్ 1986లోనే టైపు తప్పుల మూలాన్ని ఎలా వెతకాలో ఒక పరిశోధనా పత్రం రాశాడు. సమస్య అంత పాతది. యూనిఫికేషన్ సమీకరణాలని ఒక క్రమంలో కలుపుతూ పోతుంది, ఎక్కడ కలవకపోతే అక్కడ ఆగి ఆ లైను చూపిస్తుంది. క్రమం మారితే చూపించే చోటూ మారుతుంది. అందువల్ల ఎర్ర గీత పడిన చోటుని నేను ఒక సాక్ష్యంగానే చూస్తాను, తీర్పుగా తీసుకోను.

మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి ఒకసారి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. గ్రూపింగ్‌బై లోపల మరో కలెక్టర్, దాని లోపల లాంబ్డా, ఎర్రర్ మెసేజ్ తెర నిండా ఉంది.

"అన్నా, గంట నుంచి మారుస్తున్నా. ఒకటి పోతే ఇంకోటి వస్తోంది."

"మార్చడం ఆపు. ఈ లాంబ్డాలో 'ఎక్స్' ఏంటని నువ్వనుకుంటున్నావు?"

"ఆర్డర్ అన్నా."

"అయితే ఎడమ పక్కన అదే రాయి. ఇంకేమీ ముట్టుకోకు."

రాశాడు. తెర నిండా ఉన్న మెసేజ్ పోయి, ఒక్క లైను మిగిలింది: అక్కడికి వస్తున్నది ఆర్డర్ కాదు, ఆర్డర్ల లిస్టు. పై లైన్లో ఒక మ్యాప్ దగ్గర ఫ్లాట్‌మ్యాప్ ఉండాల్సింది.

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. కోడ్ ఏం చేస్తోందో కంపైలర్ రాబట్టగలదు, మనం ఏం అనుకున్నామో అది రాబట్టలేదు. ఇలా పక్కన టైపు రాసిన క్షణంలో, అంటే అనొటేషన్ పెట్టిన క్షణంలో, మన ఉద్దేశం మొదటిసారి కాగితం మీదికొస్తుంది. అంతవరకూ కంపైలర్ దగ్గర సమీకరణాలు మాత్రమే ఉన్నాయి, ఇప్పుడు వాటితో పోల్చి చూడడానికి మన మాట ఒకటి చేరింది. అందుకే అనొటేషన్ పెట్టగానే ఎర్రర్ పోకపోయినా, జరిగితే చాలు. ఎర్రర్ పైకి జరిగిందంటే తప్పు పైన ఉంది, లోపలికి జరిగిందంటే లాంబ్డా లోపల ఉంది. లాంబ్డా మరీ పెద్దదైతే దాన్ని బయటికి తీసి, పూర్తి టైపు రాసిన వేరియబుల్‌లో పెడతాను. ఆ వేరియబుల్ దగ్గర సమస్య రెండు ముక్కలై ఏదో ఒక ముక్కలో తేలుతుంది. జావా మెసేజ్‌లో ఫలానా టీ అనే గుర్తుకి పొసగని హద్దులు ఉన్నాయని, ఒకచోట సమానంగా ఉండాలన్న షరతు, మరోచోట కింది హద్దు అని వస్తే ఆ రెండు టైపులనీ విడిగా రాసుకుని, ఏది ఏ లైను నుంచి వచ్చిందో వెతకాలి. ఆ రెంటిలో ఒకటి మనం అనుకున్నదే అయి ఉంటుంది.

ఓవర్‌లోడ్ చేసిన మెథడ్‌లకి లాంబ్డా ఇచ్చేటప్పుడు మరో చిక్కు. పారామీటర్ టైపులు రాయని లాంబ్డా శరీరంలో ఏముందో, ఏ మెథడ్‌ని ఎంచుకోవాలో తేల్చే దశలో జావా చూడదు. కంపేరింగ్, కంపేరింగ్‌ఇంట్, కంపేరింగ్‌లాంగ్, కంపేరింగ్‌డబుల్ అని లైబ్రరీలో విడివిడి పేర్లు ఉండడానికి కారణం ఇదే. అన్నిటికీ ఒకే పేరు పెడితే ఒట్టి 'ఇ' రాసిన ప్రతి లాంబ్డా దగ్గరా ఏది పిలవాలో తేలక కంపైలర్ ఆగిపోతుంది. లైబ్రరీ రాసినవాళ్ళు మన కోసం ఆ అనొటేషన్‌ని మెథడ్ పేరులోనే పెట్టారని అనుకోవచ్చు.

ఇంతవరకూ భాషకి తెలిసిన టైపుల మాట. మనమే కల్పించుకున్న అనొటేషన్ల దగ్గర కథ ఇంకా చిక్కబడుతుంది. టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో నల్ రెఫరెన్స్‌ని ప్రవేశపెట్టాడు. 2009లో లండన్‌లో జరిగిన ఒక సదస్సులో దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటుగా తనే చెప్పుకున్నాడు. ఆ పొరపాటుని టైపుల్లో పట్టుకోవాలన్న కోరికతోనే చాలామంది నాన్‌నల్, నల్లబుల్ అనే అనొటేషన్లు వాడతారు. 2014 మార్చిలో వచ్చిన జావా 8లో లాంబ్డాలు వచ్చాయి. వాడిన ప్రతి టైపుకీ అనొటేషన్ తగిలించే వీలు కూడా అందులోనే వచ్చింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ ఎర్న్‌స్ట్ బృందం తయారుచేసిన చెకర్ ఫ్రేమ్‌వర్క్ లాంటి పరికరాలు వీటిని చదివి, నల్ ఎక్కడెక్కడికి చేరవచ్చో లెక్కకడతాయి.

ఒకే విడుదలలో వచ్చినా ఈ రెండూ ఒకదానినొకటి చూడవు. జావా కంపైలర్ టైపులు రాబట్టేటప్పుడు అనొటేషన్లని పట్టించుకోదు. దానికి నాన్‌నల్ స్ట్రింగ్, నల్లబుల్ స్ట్రింగ్, ఒట్టి స్ట్రింగ్ మూడూ ఒకటే. కాబట్టి లాంబ్డా పారామీటర్ స్ట్రింగ్ అని తేల్చేస్తుంది. అది నల్ కావచ్చా లేదా అన్నది చెకర్ మళ్ళీ మొదటినుంచి, తన సొంత నియమాలతో రాబట్టుకోవాలి. రెండు లెక్కలూ ఎప్పుడు విడిపోతాయో అప్పుడల్లా మనకి అర్థంకాని హెచ్చరిక వస్తుంది. అందరికీ తగిలే సందర్భం ఇది: ఒక స్ట్రీమ్‌లో నల్ కానివాటినే ఉంచమని ఫిల్టర్ పెట్టి, తరువాత మ్యాప్‌లో లెంగ్త్ అడుగుతాం. మన కంటికి ఏ ప్రమాదమూ లేదు. చెకర్ మాత్రం ఎలిమెంట్ నల్ కావచ్చని అంటుంది. ఫిల్టర్ ఏ టైపు స్ట్రీమ్ తీసుకుందో అదే టైపు స్ట్రీమ్ తిరిగిస్తుందని దాని సంతకం చెబుతోంది, లాంబ్డా లోపల మనం చేసిన పరీక్ష ఆ సంతకంలోకి ఎక్కదు. కొన్ని పరికరాలు ఈ జంటని ప్రత్యేకంగా గుర్తుపట్టేలా ఏర్పాటు చేసుకున్నాయి. లేనిచోట మనమే చెప్పాలి.

చెబుదామంటే చోటు లేదు. టైపు రాయని పారామీటర్‌కి అనొటేషన్ తగిలించడం జావా వ్యాకరణంలో కుదరదు. ఒక్క నల్లబుల్ రాయడానికి, కోణం బ్రాకెట్ల లోపల కోణం బ్రాకెట్లు ఉన్న పొడుగాటి టైపు మొత్తం రాయాల్సివచ్చేది. 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11 ఈ ఇబ్బంది తీర్చింది. లాంబ్డా పారామీటర్ ముందు వార్ అని రాసి, దానికి ముందు అనొటేషన్ పెట్టవచ్చు. టైపు నువ్వే రాబట్టుకో, ఈ ఒక్క సంగతి మాత్రం నేను చెబుతున్నాను అని కంపైలర్‌తో అనడానికి వీలు దొరికింది. రెండు పారామీటర్లుంటే రెండింటికీ వార్ రాయాలి, ఒకదానికి రాసి మరొకటి వదిలేస్తే ఒప్పుకోదు. చాలామంది దీన్ని అలంకారం అనుకుని దాటిపోయారు. అనొటేషన్‌కి నిలబడే చోటు ఇచ్చిన మార్పు కాబట్టి నేను దీన్ని పెద్దదిగానే లెక్కేస్తాను.

పైథాన్‌లో ఆ చోటు ఇప్పటికీ లేదు. లాంబ్డాలో పారామీటర్లు ముగిశాయని చెప్పేది కోలన్, టైపు అనొటేషన్ మొదలయ్యేదీ కోలనే. టైపు కావాలంటే వేరియబుల్‌కి రాయాలి, లేదా డెఫ్‌తో పేరున్న ఫంక్షన్ రాయాలి. దీన్ని లోపమని నేను అనను. టైపు రాసి చెప్పుకోవాల్సినంత విషయం ఒక ఫంక్షన్‌లో ఉంటే దానికి పేరు కూడా ఉండడమే మంచిది.

అనొటేషన్లు అన్నీ ఒక జాతివి కావు. ఎంప్లాయీ అని రాస్తే కంపైలర్ ఆ మాటని పరీక్షిస్తుంది, అబద్ధమైతే పట్టుకుంటుంది. కొన్నిటిని పరీక్షించదు, నమ్ముతుంది. టైప్‌స్క్రిప్ట్‌లో ఇదే ఫిల్టర్ చిక్కుకి ఏళ్ళ తరబడి ఉన్న మందు, లాంబ్డా తిరిగిచ్చే చోట 'ఎక్స్ ఫలానా టైపుది' అని చేత్తో రాయడం. శరీరంలో చేసిన పరీక్ష నిజంగా ఆ మాటకి సరిపోతోందా అని కంపైలర్ చూడదు. గుర్తు తిరగేసి రాసినా ఒప్పుకుంటుంది, ఆ తరువాత లైన్లన్నిటిలో ఆ అబద్ధం టైపు రూపంలో తిరుగుతుంది. ఎర్రర్ పోయిందని సంతోషపడి రాసిన అనొటేషన్ కొన్ని నెలల తరువాత ప్రొడక్షన్‌లో పేలడానికి దారి ఇదే. 2024 జూన్‌లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ 5.5 ఇలాంటి చిన్న లాంబ్డాల్లో ఆ వాక్యాన్ని శరీరం నుంచి తనే రాబట్టడం నేర్చుకుంది. అది వచ్చాక చేత్తో రాసినవాటిని తీసేయడం నాకు ఎంతో ఊరటగా అనిపించింది. కాస్టింగ్, హెచ్చరికలని నొక్కిపెట్టే సప్రెస్‌వార్నింగ్స్, ఇవన్నీ నమ్మించే జాతివే. మరమ్మతు చేసేటప్పుడు వీటిని ఆఖరున పట్టుకోవాలి, పట్టుకుంటే ఎందుకో పక్కన కామెంట్ రాయాలి. పరీక్షకి నిలబడే అనొటేషన్‌తో పని జరిగే చోట నమ్మించే అనొటేషన్ పెట్టడాన్ని రివ్యూలో నేను ఒప్పుకోను.

నల్ విషయంలో పరిస్థితి నెమ్మదిగా మెరుగవుతోంది. గూగుల్, జెట్‌బ్రెయిన్స్, ఊబర్ లాంటి సంస్థలు కలిసి జేస్పెసిఫై పేరుతో ఉమ్మడి అనొటేషన్లని తయారుచేశాయి, 1.0 వెర్షన్ 2024 జూలైలో వచ్చింది. ఒక్కో పరికరం ఒక్కో నల్లబుల్‌ని కోరే గందరగోళం దీంతో తగ్గుతుంది. నల్ కావచ్చా కూడదా అన్నది టైపు పక్కన ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం గుర్తులతో జావా భాషలోనే రాసే ప్రతిపాదన ముసాయిదాగా ఉంది. అది భాషలోకి వస్తే, రెండు లెక్కలు కట్టాల్సిన అవసరం తగ్గుతుందన్నది నా ఆశ. అప్పటిదాకా నల్ రాగల లాంబ్డా పారామీటర్‌కి వార్, దాని ముందు అనొటేషన్ రాస్తూనే ఉంటాను. దేనికిది, తీసెయ్యవచ్చుగా అని రివ్యూలో ఎవరైనా అడిగితే, నల్ అక్కడికి ఏ దారిన వస్తుందో కోడ్‌లో వేలు పెట్టి చూపిస్తాను.